బావి పుస్తకంలో ఎనిమిది పేజీలు

మొన్న ఆదివారం మనవరాలు పత్రికలోంచి ఒక పట్టిక చదివి వినిపించింది: ఈ వేసవిలో చదవదగిన కొత్త పుస్తకాలు. మొత్తం పన్నెండు. ఒక్కటీ కథ కాదు, అన్నీ ఉన్న సంగతులే. "ఈ ఎండల్లో ఇవెవరు చదువుతారవ్వా?" అంది. మా అవ్వ చదివించుకునేది, అన్నాను.

1946 మే నెల. నాకు పదేళ్లు. మా ఊరు చిత్తూరుకు నాలుగు మైళ్లు. ఆ ఏడు బావి ఎండిపోయి, నాయన లోతు చేయిస్తుంటే ఆరు మట్లలో, అంటే ఆరుగురు మనుషుల నిలువులో, బండ పడింది. శనివారం నుంచి పని ఆపేస్తానన్నాడు. బావి లేకపోతే మాకు చెరకు లేదు. బావుల తవ్వకం మీద కొత్తగా వచ్చిన పుస్తకమొకటి చిత్తూరు పఠనమందిరం నుంచి అంతకుముందే తెచ్చాడు కానీ, చదివే తీరిక లేక నా చేతికిచ్చాడు. "అవ్వకు సదివి ఇనిపించు. చినిగిందా, ఈపు పగల్తాది."

అవ్వకు అక్షరం రాదు. జరగని సంగతులు వినడానికి తనకేం పని లేదా అని కథల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. మధ్యాహ్నాలు వసారాలో చింతపండు గింజలు తీస్తూ, పుస్తకంతో వాదులాడుతూ వినేది. శుక్రవారం నేను గడగడా చదువుతుంటే ఆమె చేతిలో కత్తి ఆగింది.

"నిలుపు పాపా. ఇప్పుడే గదా బండ పడిందంటివి. అప్పుడే నీళ్లు తోడతా ఉండావు. మద్దెన బండ యాడికి పాయె?"

నలభై ఒకటో పేజీ నుంచి నలభై నాలుగుకు దూకాను. అచ్చుకూటంలో మడిచిన కాగితం అంచు కోయడం మరిచినట్టున్నారు, రెండు పేజీలు లోపల మూసుకుపోయాయి. అలాంటివి నాలుగు చోట్ల, ఎనిమిది పేజీలు.

"అంటుకోనుండాయవ్వా."

"కొయ్యి."

"నాయన కొడతాడు."

"వాణ్ణి కన్నదాన్ని ఈడ కూసోనుండాను. కొయ్యే!"

కత్తిని కొంగుతో తుడిచే ఇచ్చింది. అయినా పేజీ అంచుకు చింతపండు మరక అంటింది. లోపలున్నది బండ సంగతే. తెల్లవారేటప్పుడు పగుళ్లలో చెమ్మ కనిపిస్తే తవ్వకం ఆపవద్దని, ఇంకో మట్టులో నీళ్లుండవచ్చని. అవ్వ ఆ మాట చెబితే శనివారం పొద్దున్నే నాయన దిగి చూసి, తడి అరచేయి చూపిస్తూ పైకొచ్చాడు. పని ఆగలేదు. పద్దెనిమిదో రోజున, రెండు మట్లకు, నీళ్లు పడ్డాయి.

"పుస్తకంలో ఒక మట్టని రాసి రెండు మట్లు తవ్విచ్చినాడు, అబద్దాలోడు!" అంది అవ్వ, దోసిలితో తాగుతూనే.

అవ్వ పోయి అరవై ఎనిమిదేళ్లు. ఇప్పటికీ కొత్త పుస్తకం చేతికొస్తే ముందు పేజీల అంకెలు సరిచూస్తాను. నలభై ఒకటి దాటి నలభై రెండు కనబడేసరికి, ఆ అరవై ఎనిమిదేళ్లూ లెక్కలోకి రావు.