మస్తాన్‌వలీ బొగ్గు

చీరాలలో మగ్గాలవాళ్ల నూలుకు రంగులేసే మస్తాన్‌వలీకి ఒకటే గర్వం. అతను వేసిన రంగు వెలిసిందన్నవాడు లేడు. ఆ రంగునీళ్లే ఇంకి ఇంకి పక్కింటి నాంచారమ్మ బావిలోకి దిగాయి. ఆవిడ చెంబెడు నీలం నీళ్లు తెచ్చి అతని గుమ్మంలో దిమ్మరించి, "తాగి చూడవయ్యా!" అని కేకలేసింది.

కాలేజీ వాళ్లెవరో ఉపాయం చెప్పారు. హోటళ్లు పారేసే అరటితొక్కలు ఎండబెట్టి, మూతేసిన డ్రమ్ములో గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేశాడు. రంగునీళ్లు ఆ బొగ్గులోంచి తేటగా దిగాయి. వీధి నోరు మూతపడింది. రంగంతా ఎక్కడికి పోయిందని మాత్రం ఎవరూ అడగలేదు. నల్లటి బొగ్గులో ఏ రంగు కనపడుతుంది గనక? వాడేసిన బొగ్గును అతను దొడ్లో ఆరబోసేవాడు.

ఓ పొద్దున నాంచారమ్మ వేలితో పళ్లు తోముకుంటూ గోడ మీదుగా తొంగిచూసింది.

"నీ బొగ్గు వెన్నలా ఉందయ్యా మస్తానూ! మీ జానీబీ ఇంటింటికీ పంచింది. వీధిలో పళ్లపొడి కొనేవాళ్లే లేరిప్పుడు."

పక్కకి తిరిగి ఉమ్మింది. ఉమ్ము నీలంగా ఉంది.

మస్తాన్‌వలీ గబుక్కున భార్య కోసం ఇంటివైపు తిరిగాడు.

"ఏమైందండీ, అట్లా చూస్తారు?" అంటూ జానీబీ గడపలో నిలబడి నవ్వింది. ఆమె చిగుళ్లూ నీలంగానే ఉన్నాయి.

అతను వేసిన రంగు ఇంతవరకూ వెలిసింది లేదు.