మావయ్య పేరు మీద తాత మొహం

వెబ్‌సైటు చేయడం వచ్చినవాడికి ఇక నేర్చుకోవలసింది ఏమీ మిగలదని మనస్ఫూర్తిగా నమ్మిన రోజులవి. ఇందా బజారులో ఒక బెంగాలీ దాదా కంప్యూటర్ కొట్టులో కొత్తగా పనికి చేరి, ఖరగ్‌పూర్ మొత్తానికి నేనొక్కణ్ణే ఇంజనీరునైనట్టు తిరిగేవాణ్ణి (ఊళ్ళో అంత పెద్ద ఇంజనీరింగ్ కాలేజీ ఉందన్న సంగతి నాకు అడ్డురాలేదు). రైల్వే పనికొచ్చి ఇక్కడే స్థిరపడ్డ మా తెలుగువాళ్ళ సంఘం సైటు నా చేతిపనే. మాది రైల్వే బుర్ర కదా, వర్క్‌షాపులో గది తలుపు మీద హోదా రాస్తారు గానీ మనిషి పేరు రాయరు. అదే పద్ధతిలో అధ్యక్షుడి ఫోటో ఫైలుకి 'అధ్యక్షుడు' అని పేరు పెట్టాను. రేపు ఎవరు ఆ కుర్చీ ఎక్కినా అదే పేరుతో కొత్త ఫోటో ఎక్కించేస్తే సరిపోతుందని నా తెలివి.

సంఘం ఎన్నికల్లో పాత అధ్యక్షుడు, ఊరంతా ఫోర్‌మెన్ తాత అని పిలిచే పెద్దాయన, దిగిపోయి, మా మేనమామ గెలిచాడు. ఆయన కూతుర్ని నాకివ్వాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నదే, మాఘంలో ముహూర్తం కూడా చూస్తున్నారు. మావయ్య మీసానికి రంగేసుకుని స్టూడియోలో తీయించుకున్న ఫోటోని భక్తిగా సైటులో పెట్టాను. కొట్టులో కంప్యూటర్‌లో బ్రహ్మాండంగా ఉన్నాడు. మలంచా పేటలో వాళ్ళింటికి వెళ్ళి చూస్తే, ఆయన ఫోనులో ఫోర్‌మెన్ తాత నవ్వుతున్నాడు, కింద మావయ్య పేరు.

"ఏటల్లుడా ఇది? నా పేరుకి ఆడి మొకమేటి?"

"నెట్టు స్లోగా ఉంది మావయ్యా, రేపటికి వచ్చేత్తాది."

రాలేదు. ఫోటో తీసి మళ్ళీ పెట్టాను, ఫోను ఆపించి వేయించాను, సిగ్నల్ కోసమని మోకాళ్ళ నొప్పుల మనిషిని డాబా ఎక్కించాను. సర్వర్ విదేశంలో ఉందని, అక్కడ ఇంకా తెల్లారలేదని కూడా చెప్పాను. సంఘంలో సగంమంది ఫోన్లలో అదే వరస. తాతైతే కనబడ్డవాడికల్లా ఫోను చూపించి, "ఓట్లెయ్యకపోయినా నన్ను దింపలేకపోతన్నారు, సూడండి" అని మురిసిపోయేవాడు. నేను తాత పార్టీలో చేరిపోయానని మావయ్యకి ఖాయమైపోయింది. "ఆడి బొమ్మ తియ్యలేనోడికి నా పిల్లనెలగిచ్చేది? బొమ్మ మారినాకే లగ్గం మాట" అని పంతులుగారిని వెనక్కి పంపేశాడు. ఆ పిల్లంటే నాకు ప్రాణం. తనేమో ముందుగదిలో పుస్తకం ఒళ్ళో పెట్టుకుని మా ఇద్దరి తంటాలూ చూస్తూ నోరు మెదిపేది కాదు (నా కోసం బెంగపెట్టుకుందనుకున్నాను, ఏం చేస్తాం).

మాఘం దాటిపోయింది. ఒక సాయంత్రం గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటుంటే ఆ పిల్లే వచ్చి మెల్లిగా చెప్పింది.

"బావా, ఫైలు పేరు మార్సి పెట్టు. ఒకసారి సూసిన బొమ్మని ఫోను తనకాడే దాసుకుంటాది. మళ్ళీ అదే పేరు కనిపిత్తే కొత్తది అడగదు, దాసిందే సూపిత్తాది. నువ్వు కొట్లో పొద్దస్తమానం రిఫ్రెష్ నొక్కుతావు గాబట్టి నీకు తెలీలేదు."

అక్కడే నిలబడి ఫోనులోంచే ఫైలుకి కొత్త పేరు పెట్టి, పేజీలోనూ ఆ పేరే రాశాను. కాసేపటికి లోపల్నుంచి మావయ్య అత్తయ్యని పిలిచాడు. "ఒలే, ఇలగొచ్చి సూడు. నానొచ్చేసినాను."

"నీకిదెప్పుడు తెలిసింది?" అన్నాను.

"మొదటిరోజే. మా కాలేజీ సైటుకీ ఇలగే అయ్యింది."

"మరి చెప్పవేం?"

"సెప్తే మాఘంలోనే లగ్గం పెట్టేసి నా బీఎడ్ మానిపించేద్దురు. పరీచ్చలు నిన్ననే అయిపోనాయి."

కోపం తెచ్చుకుందామని చూశాను గానీ నవ్వే వచ్చింది. పెళ్ళి వైశాఖంలో జరిగింది, ఇప్పుడావిడ హైస్కూల్లో లెక్కలు చెబుతోంది. ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ మావయ్యని చూసి నవ్వుతారు, నేనూ నవ్వుతాను. చదువు మానక్కర్లేదని ఆ రోజుల్లో నేను ఒక్క మాట అంటే సరిపోయేది. అంతా తెలుసని తిరిగే ఆ బావని ఆ మాట అడగాలని కూడా తనకి తోచలేదు, పాత బొమ్మ దాచుకున్న ఫోనునే నమ్ముకుంది.