వెల్కో పాట, చివరిదాకా

మా వ్రాన్యె ఊళ్లో స్తోయాదిన్ వంకర ముక్కు చూసి అందరూ ఎగతాళి చేస్తారు. చేస్తే చేయనీ. ఆ ముక్కు ఒక పెళ్లిలో విరిగింది, మైకు కూసిందని పెళ్లికొడుకు మేనమామ సీసాతో కొట్టాడు. ఇంకో పెళ్లిలో ఎవడో ఎడమ చెవి పక్కనే తుపాకీ పేల్చాడు. అన్ని దెబ్బలు తిన్నా ఆ మనిషి మూతబడిన చెప్పుల ఫ్యాక్టరీ వంటగదిలో రికార్డింగు గది పెట్టుకుని పాటలు చేస్తూనే ఉన్నాడు. నేను జెమైల్‌ని, ట్రంపెట్ వాయిస్తాను. మా బాజా బృందం పాటలన్నీ అతని చేతుల మీదుగానే బయటికి వచ్చాయి. అతని మీద చెయ్యెత్తిన వాళ్లు చాలామందే గాని, కసాయి మిలుతిన్ సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మిలుతిన్ కొడుకు వెల్కోని ఒక తాగుడు గొడవలో కత్తితో పొడిచి చంపారు. పాటంటే ప్రాణమిచ్చే కుర్రాడు. మా దగ్గర ఆర్నెల్ల తద్దినానికి పోయినవాడి పాట సమాధి దగ్గర బాజాలతో మోగాలి. వెల్కో తన ఫోనులో పాడుకున్న పాట ఒకటి మిగిలింది. తల్లి రుమెనా ఆ ఫోను తెచ్చి స్తోయాదిన్ చేతిలో పెట్టి, మొత్తం వెయ్యమనీ, ఎక్కడా కొయ్యొద్దనీ ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్లింది. మిలుతిన్ మాత్రం ఫోనులో ఉన్న ఆ పాట ఎప్పుడూ పెట్టి వినలేదు. ఎద్దుల్ని నరికే మనిషికి అది వినే గుండె లేదు.

ఇక మా పొగరు ఒకటి ఉంది. పాడేవాడే ట్రంపెట్ దగ్గరికి రావాలి, ట్రంపెట్ ఎవడి దగ్గరికీ పోదు. తాతల నాటి నుంచీ మాది అదే వరస. అందుకే స్తోయాదిన్ ముందు మా వాయింపు రికార్డు చేసి, ఫోను పాటను వినకుండానే కంప్యూటర్లోకి దించి మా డోలు వేగానికి కట్టేశాడు. తద్దినం ముందురోజు పొద్దున్నే మిలుతిన్ వచ్చి కూర్చున్నాడు. పాట మొదలైంది. ఎదిగిన మగాడి గొంతు చిట్టెలుక కీచులా వచ్చింది. చివర్లో కుక్కపిల్ల అరిచినట్టు ఏదో చప్పుడు కలిసి పాట అయిపోయింది.

మిలుతిన్ లేచి స్తోయాదిన్ జుట్టు పట్టుకుని మొహాన్ని బల్లకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. నేను అడ్డం వెళితే మోచేత్తో పొడిచాడు, నా పెదవి చిట్లింది. ట్రంపెట్ వాడికి పెదవి పోతే కూడు పోయినట్టే. స్పీకరు ఎత్తి గోడకేసి బద్దలుకొట్టాడు. తర్వాత నడుములోంచి పిస్తోలు తీసి స్తోయాదిన్ మెడకి ఆనించాడు.

"నా కొడుకుని మళ్లీ చంపుతున్నావ్‌రా మేస్త్రీ. వాడి గొంతు వాడికియ్యి. లేకపోతే రేపు వాడి పక్కనే పడుకుంటావ్."

స్తోయాదిన్ నోట్లోంచి రక్తం ఉమ్మి పనిలో పడ్డాడు. ముందు గొంతు స్థాయి కిందికి దించాడు. నూతిలోంచి మాట్లాడినట్టు బోలుగా వచ్చింది. పిస్తోలు ఇంకాస్త గుచ్చుకుంది. దించినదంతా తీసేసి సున్నాకి తెచ్చాడు, మళ్లీ అదే చిట్టెలుక. పాటకి తగిలించిన హంగులన్నీ ఒక్కొక్కటే పీకేశాడు, మార్పు లేదు. అప్పుడు అతను కంప్యూటర్లో ఆ పాట ముక్క మీద నొక్కి చూసి తల పట్టుకున్నాడు. దాని వేగం మార్చే అమరిక పాత టేపు పద్ధతిలో ఉంది. వేగం పెరిగితే గొంతూ దానితో పాటే సన్నబడుతుంది. తప్పు గొంతులో లేదు, మా డోలు వేగానికి దాన్ని కట్టెయ్యడంలో ఉంది. ఆ కట్టు విప్పి, పాటని దాని నడక దానికి వదిలేశాడు.

"జెమైల్, ఈసారి మీరే దిగి రావాలి," అన్నాడు.

ట్రంపెట్ గొట్టం బయటికి లాగి స్థాయి దించుకున్నాను.

పగలకుండా మిగిలిన స్పీకర్లో వెల్కో వచ్చాడు. బరువైన, కాస్త బొంగురు గొంతు. మిలుతిన్ చెయ్యి కిందికి జారింది, "నా తండ్రీ, నా తండ్రీ" అని ఏడ్చాడు. పాట చివరి చరణానికి వచ్చింది. కుక్కపిల్ల అరుపు అనుకున్నది ఇప్పుడు దాని అసలు గొంతులో వినబడింది.

"ఆపరా ఆ ఏడుపు, ఆడంగి వెధవా!"

మిలుతిన్ గొంతే. వెంటనే బెల్టు దెబ్బ. వెల్కో కెవ్వుమన్నాడు గాని పాట ఆపలేదు. దెబ్బ మీద దెబ్బ పడుతుంటే ఆఖరి మాటదాకా పాడాడు. తల్లి కొయ్యొద్దన్నది ఎందుకో నాకప్పుడు అర్థమైంది.

మిలుతిన్ స్పీకరు కేసి చెయ్యి చూపించాడు. "నాది తీసెయ్."

"రెండూ ఒకదాని మీద ఒకటి పడున్నాయి అన్నా. నీది తీస్తే వాడి చివరి చరణం పోతుంది. విడదియ్యడం నా చేత కాదు."

పిస్తోలు ఇంకా మిలుతిన్ చేతిలోనే ఉంది. కాలుస్తాడనే అనుకున్నాను. గోడకి ఆనుకుని నిలబడి, అలాగే ఉంచమని గొణిగి వెళ్లిపోయాడు.

మర్నాడు సమాధి దగ్గర ఊరంతా చేరింది. వెల్కో గొంతు వెనక మేము వంగి వంగి వాయించాము, నా పెదవి నుంచి రక్తం కారుతూనే ఉంది. రుమెనా తద్దినానికి వండి పంచే తీపి గోధుమల పళ్లెం పట్టుకుని నిలబడింది. చివరి చరణం దగ్గర స్పీకర్లో ఆ కేక వినబడగానే పళ్లెం ఆమె చేతిలోంచి పడిపోయింది, రెండు మోచేతులూ మొహానికి అడ్డం వచ్చాయి. అందరూ చూశారు.

మిలుతిన్ ఆమె వైపు ఒక అడుగు వేశాడు. ఆమె వెనక్కి జరిగింది.