గ్రీన్ నెట్ కింద గులాబీలు

అమీర్‌పేటలో పోటీ పరీక్షలకు వృక్షశాస్త్రం చెప్పే రోజుల్లో, ఎస్.ఆర్. నగర్‌లో ఓ హాస్టల్ డాబా మీది రేకుల గదిలో ఉండేవాణ్ణి. మే నెలలో అది గది కాదు, పెనం. పక్కనే హాస్టల్ యజమాని తన గులాబీ కుండీలకు మాత్రం నీడ కోసం గ్రీన్ నెట్ కట్టుకున్నాడు.

ఓ ఆదివారం గదిలోంచే ఆన్‌లైన్ క్లాసు చెప్పాను. ఓ మోస్తరు వేడి తగిలినప్పుడు మొక్క జన్యువుల రాత మారదు గానీ, డీఎన్ఏ చుట్టుకుని ఉండే ప్రొటీన్ల మీద రసాయన గుర్తులు పడతాయి. మళ్లీ ఎండ ముదిరితే, ఆ గుర్తుల వల్ల రక్షణ జన్యువులు త్వరగా పనిలోకి దిగుతాయి. దీన్నే ఎపిజెనెటిక్స్ అంటారు. అయితే మధ్యలో చల్లబడే వ్యవధి దొరకాలి, లేకపోతే మొక్క చస్తుంది.

క్లాసు అయ్యాక, కూలర్ పెట్టుకోవచ్చా అని అడిగాను. కుండీలకు నీళ్లు పోస్తున్న యజమాని నవ్వాడు.

“మీ పాఠం నేను సుత విన్న సార్. ఒక్కసారి ఎండ తాకితే చెట్టుకే అలవాటైతది అంటిరి గదా. మరి మీకు గాదా?”

చల్లబడాలన్న ముక్క మాత్రం ఆ మనిషి చెవికెక్కలేదు.

మర్నాడు ఆయన ఊరెళ్లగానే ఆ నెట్ విప్పి నా రేకుల మీద కట్టుకున్నాను. వారం తర్వాత తిరిగొచ్చి, మాడిన గులాబీల ముందు నిలబడి అరిచాడు.

“ఏం పని సార్ గిది? నా చెట్లు సచ్చిపోతున్నయ్!”

“ఫికర్ చేయకండి, అలవాటైపోతుంది,” అన్నాను.

సాయంత్రానికల్లా నెట్ గులాబీల మీదికి, నా పెట్టె వీధిలోకి చేరాయి.