నోరీన్ చెయ్యి బల్ల అంచు దాటిన రోజు

నోరీన్ హడక్ మా ఊరి పింగాణీ కార్ఖానాలో పందొమ్మిదేళ్లు పనిచేసింది. బట్టీలోంచి వచ్చి చల్లారిన కప్పుల్ని ఒక్కొక్కటే ఎత్తి, అడుగు అంచు చుట్టూ చూపుడువేలు ఒకసారి తిప్పేది. గరుకు తగిలితే పక్కకి, నునుపుగా ఉంటే పెట్టెలోకి. కప్పు వంక చూసేది కూడా కాదు. పక్కనున్నవాళ్లతో కబుర్లాడుతూ ఉంటే వేలు తన పని తాను చేసుకుపోయేది.

ఒహాయో నది ఒడ్డున మా ఊరు మూడు తరాలు ఆ కప్పుల మీదే బతికింది. 2003లో యజమానులు అచ్చుల్నీ యంత్రాల్నీ ఓడెక్కించారు, మనుషుల్ని ఇక్కడే వదిలేశారు. తర్వాత ప్రభుత్వం వాళ్లు వచ్చి యూనియన్ హాల్లో రంగుల కాగితాలు పంచారు. కొత్త నైపుణ్యం నేర్చుకోండి, రెండేళ్ల చదువు ఖర్చు మేం పెట్టుకుంటాం అన్నారు. అంతవరకూ వీళ్లకి ఏ నైపుణ్యమూ లేనట్టు.

ఆ కాగితం పట్టుకునే నోరీన్ కమ్యూనిటీ కాలేజీలో సర్జికల్ టెక్నాలజిస్టు కోర్సులో చేరింది. ఆపరేషన్ గదిలో పరికరాల బల్ల సిద్ధం చేసి, సర్జన్ అడిగింది అడిగినట్టు చేతికందించే పని అది. ఆ మనిషి లేకపోతే ఏ ఆపరేషనూ మొదలుకాదు. అయినా ఇంటికెళ్లిన రోగి డాక్టరు పేరు చెబుతాడు, నర్సు పేరు చెబుతాడు. బల్ల దగ్గర నిలబడిన మనిషి ఒకరున్నారని కూడా అతనికి తెలియదు.

నేనూ అదే తరగతి. మొత్తం తొమ్మిదిమందిమి. నాకు ఇరవై రెండేళ్లు, ఆమెకు నలభై రెండు. మా ల్యాబు వెల్డింగు షాపు పై అంతస్తులో ఉండేది. కింద ఇనుము కాలుతున్న వాసన వస్తుంటే పైన మేం మోచేతుల దాకా సబ్బుతో తోముకుంటూ ఉండేవాళ్లం. ఆ వాసన ఎక్కడ తగిలినా ఈనాటికీ నా చేతులు వాటంతటవే పైకి లేస్తాయి.

మేం కోయడం ప్రాక్టీసు చేసే రబ్బరు బొమ్మకి నోరీనే హెరాల్డ్ అని పేరు పెట్టింది. అది కార్ఖానాలో ఆమె పాత సూపర్‌వైజరు పేరు.

"వాడి కడుపు కోస్తున్నామనుకుంటే చాలు, చదువు మీద ఎక్కడలేని శ్రద్ధా వచ్చేస్తుందే పిల్లా!" అనేది.

గురువారాలు ఇంటినుంచి పెద్ద గిన్నెడు హలుష్కి తెచ్చేది. క్యాబేజీ, నూడుల్స్, ఒంటికి మంచిది కానంత వెన్న. మెట్ల మీద కూర్చుని కాగితం పళ్లేల్లో తినేవాళ్లం. కింద వెల్డింగు నేర్చుకునేవాళ్లు కూడా కంచాలు పట్టుకుని వచ్చేవాళ్లు. వాళ్లలో సగంమంది నోరీన్‌తో పాటు ఉద్యోగం పోయినవాళ్లే. ఆ మెట్ల మీద నవ్వినంతగా నేను తర్వాత ఎక్కడా నవ్వలేదు.

మా టీచరు మిసెస్ ప్రూయిట్ నౌకాదళంలో పనిచేసి వచ్చిన మనిషి. మొదటిరోజే చెప్పేసింది.

"మీరు తప్పులు చేస్తారు. అందరూ చేస్తారు. చేసి నోరు మూసుకుని కూర్చున్నవాళ్లని మాత్రం నేను మనుషుల దగ్గరికి రానివ్వను."

బల్ల మీద పరిచిన నీలం గుడ్డ పైభాగం ఒక్కటే క్రిములు లేనట్టు లెక్క. అంచు దాటి కిందికి వేలాడేదేదీ పనికిరాదు. తోముకుని గ్లవ్స్ వేసుకున్నాక చేతులు నడుముకి పైన, కళ్లముందే ఉండాలి. కిందికి పోయిన గ్లవ్ పాడైపోయినట్టే. దాన్ని చూసి కనిపెట్టడం ఎవరి వల్లా కాదు, ఎందుకంటే పాడైన గ్లవ్ కూడా మంచి గ్లవ్‌లాగే ఉంటుంది.

నోరీన్‌కి పరికరాల పేర్లు నీళ్లు తాగినంత తేలిక. ఆమె చేతిలో ఏదీ జారేది కాదు. ఇబ్బందల్లా ఆ వేలితోనే. మాటల్లో పడితే చాలు, అది నెమ్మదిగా బల్ల అంచు కిందికి పోయి ఒకసారి రాసి వచ్చేది, కప్పు అడుగు చూసినట్టు. ల్యాబులో అయితే నవ్వుకునేవాళ్లం.

"గరుకేమైనా తగిలిందా నోరీన్?"

"తగిలింది. ఈ బల్ల రెండో రకం సరుకు. సంతకి పంపండి."

ఆసుపత్రిలో నవ్వులాట లేదు. రెండో ఏడాది చివరి పన్నెండు వారాలు నిజమైన ఆపరేషన్లలో నిలబడాలి. కాలేజీ పుస్తకంలో నియమం ఒకటే: అలాంటి తప్పు మూడుసార్లు నమోదైతే ఆ భాగం మళ్లీ చేయాలి. మళ్లీ అంటే మరుసటి ఏడాదే. ఎవరు పట్టుకున్నా, తానే చెప్పుకున్నా తేడా లేదు. ఏప్రిల్ నాటికి నోరీన్ పేరు మీద రెండు పడ్డాయి. ప్రభుత్వం ఇచ్చే సాయం జూన్‌తో ఆఖరు. మూడోది పడితే చదువూ పోతుంది, దాని కోసం గడిపిన రెండేళ్లూ పోతాయి.

ఆ రోజు హెర్నియా ఆపరేషను. బల్ల నోరీన్‌ది. ఆమెకి తోడుగా ఉండాల్సిన ఆసుపత్రి టెక్నాలజిస్టు రోగి మీద గుడ్డలు పరుస్తూ అటు తిరిగి ఉంది. నర్సు కాగితాలు నింపుతోంది. రోగి అప్పటికే మత్తులోకి వెళ్లిపోయాడు. నేను గోడ పక్కన నిలబడి చూడటానికే ఉన్నాను. సర్జన్ డాక్టర్ లాండిస్ చేతులు తోముకుని లోపలికొస్తూ అడిగాడు.

"ఏమ్మా, కార్ఖానాలో చేశావటగా? మా అమ్మ దగ్గర ఇంకా మీ కప్పులే ఉన్నాయి."

"ఏ రంగువండీ?" అంది నోరీన్, సంబరంగా.

"పచ్చ అంచువి."

"అవి నా చేతిమీదుగా పోయినవే!"

అలా అంటుండగానే ఆమె వేలు బల్ల అంచు కిందికి పోయి వచ్చింది. వచ్చిన చెయ్యి వచ్చినట్టే పటకారులాంటి క్లాంపు ఒకటి తీసి, వరసలో మిగతా వాటి మధ్య సర్దింది.

నేను చూశాను. ఇంకెవరూ చూడలేదు. ఆమె తల ఎత్తింది. మాస్కు పైనుంచి ఆమె కళ్లు నా కళ్లని పట్టుకున్నాయి. నేను చప్పున నేలవైపు చూశాను.

"ఆగండి," అంది నోరీన్. "నా చెయ్యి బల్ల కిందికి పోయింది. దానితోనే క్లాంపు ముట్టుకున్నాను. ఈ బల్ల మొత్తం పాడైంది."

"నిజంగా పోయిందా, అనుమానమా?" అన్నాడు లాండిస్.

"పోయింది డాక్టర్ గారూ."

"మనిషిని పడుకోబెట్టేశాం కదమ్మా! ఇరవై నిమిషాలు..." ఆయన పైకప్పుకేసి చూసి ఊపిరి వదిలాడు. "సరే. తీసేయండి. కొత్తది పెట్టండి."

ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. ఆపరేషను బాగానే అయింది. మధ్యాహ్నానికి మూడో తప్పు నమోదైంది. సాయంత్రం ఆమెను నా కారులో ఇంటి దగ్గర దింపాల్సింది నేనే. ఆసుపత్రి పార్కింగులో తాళం తిప్పాను గాని బండి కదిలించలేకపోయాను.

"చూశావు కదే?" అంది నోరీన్.

"చూశాను."

"తెలుసు. నువ్వు చెబుతావేమోనని ఆగాను."

"నీ చదువు పోతుందని... ఎలా చెప్పను నోరీన్?"

"నా చదువు సంగతి సరేనే. అక్కడ పడుకున్నాడే, ఆయనకి పుండు చీము పట్టుంటే?" నా జబ్బ మీద ఒక్కటి చరిచింది. "చాల్లే, ఏడవకు. నీకు ఏడుపు నప్పదు, ముక్కు ఎర్రబడి ముల్లంగిలా ఉంటావు. బండి తియ్యి."

ఆ రాత్రి నాకు కోపం నా మీద రాలేదు. నిజం చెప్పాలి కదా, ముందు ఆ నియమం మీదే వచ్చింది. చెప్పినవాళ్లని పంపేసి దాచినవాళ్లకి పట్టా ఇచ్చే నియమం ఎవరిని కాపాడుతుంది? కార్ఖానాలో యంత్రం కింద వేలు నలిగినా చెప్పుకోకూడదన్న భయంతో బతికిన ఊరు మాది. ఆ భయాన్నే తెచ్చి ఆపరేషన్ గదిలో పెట్టారు. నా మీద కోపం తెల్లవారాక వచ్చింది.

కాలేజీకి ఉత్తరం రాశాను. తప్పు తానే చెప్పుకున్నవాళ్లకి దాన్ని లెక్కలో వేయకండి, మళ్లీ నేర్పండి అని. అందులోనే, నేను చూసి కూడా నోరు మెదపలేదని రాశాను. మిగతా ఏడుగురూ సంతకాలు పెట్టారు. ఇద్దరు తమ సంతకం కింద ఇంకో వాక్యం చేర్చారు: మేమూ ఒకసారి దాచాం.

మిసెస్ ప్రూయిట్ నన్ను గదిలోకి పిలిచింది. ఉత్తరం ఆమె ముందుంది.

"చూసి ఊరుకున్నవాళ్లకి ఏం శిక్ష వేయాలో పుస్తకంలో లేదు," అంది. "రాసినవాళ్లకి ఆ ఆలోచన రాలేదు. రాసినవాళ్లలో నేనూ ఉన్నాను." నా చివరి వారం పనిని కొట్టేసి మళ్లీ చేయించింది. ఉత్తరాన్ని తనే కమిటీకి పట్టుకెళ్లింది.

నియమం మారింది. కొత్త బ్యాచ్‌నుంచి వర్తిస్తుందన్నారు. పాత నమోదులు తిరగదోడరట. నోరీన్‌కి న్యాయం జరగలేదు. అప్పుడూ ఆ మాటే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను. మేం ఎనిమిదిమందిమి పట్టాలు తీసుకున్న రోజు ఆమె ముందు వరసలో కూర్చుని అందరికన్నా గట్టిగా ఈలలు వేసింది. ఆ ఏడాదంతా బడి క్యాంటీనులో పిల్లలకి వడ్డించి, మరుసటి వసంతంలో ఆ పన్నెండు వారాలూ కొత్త బ్యాచ్‌తో కలిసి, తన సొంత డబ్బుతో మళ్లీ చేసింది.

ఆసుపత్రికెళ్లిన మొదటి నెలలోనే ఆ బ్యాచ్‌లో పదకొండు తప్పులు నమోదయ్యాయి. మిసెస్ ప్రూయిట్ బెంబేలెత్తిపోయింది.

"ఇన్ని తప్పులు చేసే తరగతిని నా జన్మలో చూడలేదు," అందిట.

"ఎప్పుడూ ఇన్నే మేడమ్," అంది నోరీన్. "ఇప్పుడు మీకు వినపడుతున్నాయి, అంతే."

ఆ జూన్‌లో ఆమెకు నది అవతల, వెస్ట్ వర్జీనియా వైపు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. పదహారేళ్లు చేసింది.