నవాబు జూలులో చిక్కు

నా చిన్నప్పుడు బేతంచెర్లలో పిల్లిని ఎవరూ పెంచేవారు కాదు, ఊరికే ఉండనిచ్చేవారు. ఎలుకను పడితే మంచి పిల్లి, పాలగిన్నె మూత తోస్తే దొంగ పిల్లి. అలాంటి ఊళ్ళో మా పక్కింటి అవ్వ మాత్రం ఒక పిల్లిని తన మంచం మీదే పడుకోబెట్టుకునేది. కోడి కార్జాన్ని మెత్తగా ఉడికించి, వేళ్ళతో నలిపి, నోటి దగ్గర పెట్టి తినిపించేది. నాలుగు వేళ్ళ పొడవు వెంట్రుకలతో, మెడ చుట్టూ జూలుతో ఉండేది ఆ పిల్లి. మా వీధి పిల్లల్లో సగంమంది దాన్ని మొదటిసారి చూసినప్పుడు పిల్లి అనుకోలేదు.

అవ్వ భర్త బండల లారీ తోలేవాడట. మా ఊరి నాపరాళ్ళు హైదరాబాదుకు దింపి వస్తూ, ఏదో పాత బంగళా ఖాళీ చేస్తున్నవాళ్ళు వదిలించుకున్న కూనను చొక్కాలో పెట్టుకుని తెచ్చాడట. దానికి నవాబు అని పేరు పెట్టింది ఆయనే. నాకు ఊహ తెలిసేసరికి ఆయన లేడు. పిల్లలు పుట్టలేదు. ఆయన చేత్తో ఇంట్లోకి తెచ్చినవాటిలో ఊపిరున్నది నవాబు ఒక్కటే.

వీధిలోవాళ్ళు ఊరికే ఉంటారా? "నవాబుగారి నాష్టా అయినాదా బూబమ్మా?" అని గేలి చేసేవారు. అవ్వ తొణికేది కాదు. "అయినాది లేప్పా, దర్బారుకు పోతాండాడు" అని జవాబిచ్చి తన పని తాను చూసుకునేది.

నేను చెప్పే నాటికి నవాబుకు పద్నాలుగేళ్ళు. కాళ్ళు బిగుసుకుపోయి మంచం ఎక్కలేకపోయేది. అవ్వ ఒక బండముక్క మీద ఇంకో బండముక్క పేర్చి దానికి మెట్టు కట్టింది. ముసలితనంలో పిల్లి తన ఒళ్ళు తాను నాక్కోలేదు, మెడ తిరగదు. పైగా మా వీధి చివరే బండల పాలిష్ ఫ్యాక్టరీ. దాని రాతిపిండి గాలికి లేచి ఇళ్ళ మీదా, ఆరేసిన బట్టల మీదా, తినే అన్నం మీదా కూడా పడేది. నవాబు వెంట్రుకల్లో చేరేది. అందుకని అవ్వ రోజూ పొద్దున్నే గడపలో కూర్చుని చెక్క దువ్వెనతో దాన్ని దువ్వేది. చూసి కాదు, తడిమి. అప్పటికి రెండేళ్ళుగా ఆమె రెండు కళ్ళకూ పొరలు కమ్మి ఉన్నాయి. వెలుగూ చీకటీ తప్ప ఏమీ ఆనేది కాదు.

ఆ ఏడు చలికాలం మొదట్లో అవ్వ తమ్ముడు వచ్చి, కర్నూలు పెద్దాసుపత్రిలో కంటి ఆపరేషన్ చేయిస్తానని బయలుదేరదీశాడు. పదిరోజులు అక్కడే ఉండాలి. నవాబును ఎవరికి అప్పగించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు మా అమ్మ నన్ను ముందుకు తోసింది. నాకు పదేళ్ళు. అవ్వ నా రెండు చేతులూ పట్టుకుని అన్నీ చెప్పింది. కార్జం దొరక్కుంటే పాలల్లో అన్నం పిసికి పెట్టాలి, నీళ్ళ గిన్నె దగ్గరగా ఉంచాలి, దువ్వెన మాత్రం ఒక్కరోజు కూడా తప్పరాదు. చివర్లో నవాబు తల నిమిరి అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"అద్దాలొచ్చినంక మొట్టమొదట వీని మొగమే చూడాల నేను. రెండేండ్లాయ పాపా వీన్ని చూసి."

మొదటి మూడు రోజులు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాను. నాలుగోనాడు మా వీధిలో అచ్చనగిల్లల పోటీ జోరందుకుంది. అన్నం పెట్టి పరుగెత్తేదాన్ని, దువ్వెన రేపటికి వాయిదా వేసేదాన్ని. అలా నాలుగు రేపులు గడిచిపోయాయి. ఎనిమిదోనాడు చూస్తే నవాబు ముందుకాళ్ళ చంకల్లో, కడుపు కింద వెంట్రుకలు ముద్దలు కట్టి ఉన్నాయి. దువ్వెన దిగలేదు. కాస్త లాగితే మూలిగింది. నాకు భయం వేసింది. దానికంటే ముందు, మా అమ్మ చేతి దెబ్బలు గుర్తొచ్చాయి.

అప్పుడు నేను చేసిన పని బండల ఊరి పిల్ల తప్ప ఇంకెవరూ చేయరు. మా నాయన పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. వానలు లేక సొంతూళ్ళో చేను బీడుపెట్టి ఇక్కడికి వచ్చినవాళ్ళం మేము. నాయనకు సద్దిమూట తీసుకుపోయినప్పుడల్లా చూసేదాన్ని. బూడిద కొట్టుకుపోయిన బండ మీద నీళ్ళు పోసి చేత్తో తోస్తే చాలు, లోపలి రంగు నిగనిగలాడుతూ పైకి వచ్చేది. రాతిపిండికి మందు నీళ్ళే అని నా బుర్రలో స్థిరపడిపోయింది. ఒంటికి నీళ్ళు తగలనివ్వొద్దని అవ్వ చెప్పలేదు. ముసలి పిల్లి మీద చలికాలంలో నీళ్ళు పోసేవాళ్ళుంటారని ఆమెకు తోచి ఉండదు.

పెరట్లో నవాబును కూర్చోబెట్టి రెండు చెంబులు పోశాను. అది అరవలేదు, గింజుకోలేదు. అంత వైభవంగా ఉండే పిల్లి నా కళ్ళముందే పిడికెడు ఎముకలైపోయింది. ఆ వెంట్రుకల కింద ఉన్నది అంతేనని నాకు అప్పుడే తెలిసింది. వణుకుతూ నా వైపు చూసిన ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఎండలో పెట్టాను. సాయంత్రానికి ఆరింది గానీ, చిక్కులు విడిపోలేదు సరికదా ఇంకా బిగుసుకున్నాయి. ఫ్యాక్టరీ కాలువలో తెల్లబురద ఎండితే గడ్డపారకు కూడా లొంగదని తెలిసినదాన్నే, ఆ పిండే నవాబు ఒంటి మీదా ఉందన్న తెలివి లేకపోయింది. అవ్వ వచ్చే రోజు దగ్గరపడుతోంది. మర్నాడు మా అమ్మ లేని సమయం చూసి ఆమె గుడ్డలు కత్తిరించే కత్తెర తెచ్చాను. చంకలోని ముద్దను పైకి లాగి పట్టుకుని కత్తిరించాను.

ముసలి పిల్లి చర్మం తడిగుడ్డలా పలచన. ముద్దతోపాటు పైకి లేచింది. నేను కత్తిరించింది వెంట్రుకలనే అనుకున్నాను, కత్తెరకు ఎరుపు అంటేదాకా.

పసుపు అద్దాను. కత్తెర కడిగి పెట్టెలో పెట్టేశాను. నవాబు మంచం కిందికి పోయి గోడకు ఆనుకుంది. రెండు రోజులు బయటికి రాలేదు, అన్నం ముట్టలేదు. నేను నేల మీద బోర్లా పడుకుని, గిన్నె లోపలికి తోసి, ఏడుస్తూ బతిమాలాను. అది కళ్ళు మూసుకుని పడుకుంది.

పదకొండోనాడు రైలు దిగి అవ్వ వచ్చింది. ఒక కంటికి కట్టు, దాని మీద వేలాడే పచ్చగుడ్డ. రెండో కంటికి ఇంకా పొర అలాగే ఉంది. చూడలేదు కదా, తెలియదులే అని నాలో ఒక దొంగ ధైర్యం. మా అమ్మ కూడా పలకరించడానికి వచ్చింది. అవ్వ మంచం మీద కూర్చుని "నవాబూ" అని ఒక్కసారే పిలిచింది. నా ఏడుపుకు కదలని పిల్లి ఈడ్చుకుంటూ బయటికి వచ్చింది.

ఆమె చెయ్యి దాని తల మీద మొదలై, మెడ దాటి, వీపు దాటి, కడుపు కిందికి పోయింది. చంక దగ్గర ఆగింది. అక్కడే ఉండిపోయింది.

"ఏమైనాది బూబమ్మా?" అని మా అమ్మ అడిగింది.

"ఏం లేదులేమ్మా. బండ అంచు కోసుకున్నెట్లుండాది. ముసలోడు గదా, చూసుకోకుండా పోయింటాడు."

మా ఊళ్ళో బండ అంచుకు కాలో చెయ్యో కోసుకోని మనిషి లేడు. అమ్మ నమ్మింది, కాసేపు మాట్లాడి వెళ్ళిపోయింది. నేనూ ఆమె వెనకాలే జారుకోబోయాను.

"కత్తెర యాడ పెట్టినావు పాపా?" అంది అవ్వ, తల తిప్పకుండానే.

నేను భోరుమన్నాను. ఆమె నన్ను ఊరుకోబెట్టలేదు, తిట్టనూ లేదు. ఏడుపు అయిపోయేదాకా కూర్చుంది. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కళ్ళు మూసుకోమంది. నా వేళ్ళను పట్టుకుని నవాబు ఒంటి మీదికి తీసుకుపోయింది. ఇది వెంట్రుక, ఇది ముద్ద, ముద్ద కింద ఇదిగో ఇక్కడ మొదలవుతుంది తోలు. చిక్కును ఎప్పుడూ మొదలు దగ్గర రెండు వేళ్ళతో బిగించి పట్టుకోవాలి, లాగిన బాధ తోలుదాకా పోకుండా ఆ వేళ్ళే ఓర్చుకోవాలి. వేలికి చుక్క నూనె అంటించి, కొసల నుంచి, నాలుగు పోగుల చొప్పున. రోజుకు ఒక చిక్కు చాలు. అది తల తిప్పితే ఆ పూటకు చాలించాలి.

"కండ్లుంటే తొందరొస్తాది బేటీ. యాడ నొస్తాందో వేలికే తెలుస్తాది" అంది.

ఆ రోజు నుంచి నేను రోజూ వెళ్ళాను. అచ్చనగిల్లలు మళ్ళీ ముట్టలేదు. కళ్ళు మూసుకుని చిక్కులు తీసేదాన్ని. చంకలో గాటు మెల్లగా మానింది. నవాబు కాస్త పాలు తాగేది, ఒక పూట తింటే రెండు పూటలు మానేది. అవ్వకు అద్దాలు రావడానికి ఇంకా నెల పడుతుందన్నారు. నేను మనసులో రోజులు లెక్కపెట్టుకునేదాన్ని. ఎలాగైనా అప్పటిదాకా దీన్ని ఉంచు స్వామీ అని మా దేవుడికీ, వాళ్ళ దేవుడికీ ఇద్దరికీ మొక్కాను.

ఉంచలేదు. మూడు వారాలకు ఒక పొద్దున నవాబు పొయ్యి పక్కన బండ మీద చాచుకుని కనిపించింది. ఒళ్ళు అప్పటికే చల్లబడి ఉంది. మా నాయన గడ్డపారతో అవ్వ పెరట్లో ఒక బండ లేపి, గుంట తీసి, పూడ్చి, మళ్ళీ అదే బండ పరిచాడు. అవ్వ వంగి ఆ బండ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చేత్తో తడిమి చూసుకుంది.

ఆ తర్వాత పది రోజులకు అద్దాలొచ్చాయి. సీసా అడుగంత మందం. అవ్వ నన్ను పిలిపించింది. నేను వెళ్ళేసరికి గడపలో వెలుతురుకు కూర్చుని చెక్క దువ్వెనను కళ్ళకు దగ్గరగా పట్టుకుని ఉంది. పళ్ళ మధ్య ఇరుక్కున్న వెంట్రుకలు ఒక్కొక్కటే తీసి ఒళ్ళో పెట్టుకుంటోంది.

"తేనె రంగుండె పాపా వీడు. ఎప్పుడింత తెల్లగయినాడు?" అంది.

ఆఖరి రోజుల్లో వాడి ముఖం ఎలా ఉండేదని అడిగింది. చూసినదంతా చెప్పాను. ఒక కన్ను మసకబారిందనీ, మూతి దగ్గర బొచ్చు పలచబడిందనీ, చంకలో గాటు మీద మళ్ళీ వెంట్రుకలు రాలేదనీ. అక్కడికి వచ్చాక ఆగలేక, నా వల్లనే చచ్చిపోయింది కదా అవ్వా అని అడిగేశాను. కాదు అంటుందని ఆశ. పెద్దవాళ్ళెవరైనా కాదనే అంటారు.

అవ్వ ఆ లావుపాటి అద్దాల్లోంచి మొదటిసారి నన్ను చూసింది.

"మూడు వాటాలు పాపా. ఒకటి వాని వయసుది. ఒకటి నాది, వాన్ని ఇడిసిపెట్టి పోయినందుకు. ఒకటి నీది. నీది నువ్వు మోయాల. మా రెండూ నెత్తినేసుకోవద్దు."

మా అమ్మ ముందు నా కోసం అబద్ధమాడిన మనిషి నాకు మాత్రం నిజమే చెప్పింది. అప్పుడు గుండె పగిలింది. ఇంటికి పోయి అన్నం తినలేదు. కానీ ఎంత పెద్ద ఓదార్పు అయినా నన్ను ఇన్నేళ్ళు నిలబెట్టి ఉండేది కాదని, ఆ తర్వాత నా చేతుల మీదుగా మా అత్తగారూ, మా ఇంటాయనా వెళ్ళిపోయినప్పుడు అర్థమైంది. ప్రతిసారీ, నేను సరిగ్గా చూసుకోలేదా అన్న ప్రశ్న వచ్చింది. ప్రతిసారీ మూడు వాటాలు వేసుకుని నాది నేను తీసుకున్నాను.

ఇప్పుడు కర్నూల్లో మా ఇంట్లో కోడలు ముచ్చటపడి తెచ్చుకున్న పర్షియన్ పిల్లి ఉంది. పదమూడేళ్ళు దానికి. చిక్కులు పడుతున్నాయని, "షాపులో ఇచ్చి గుండు గీయిద్దాం అత్తా, నీకెందుకీ తంటా" అంటుంది కోడలు. డాక్టరు కూడా మిషనే మేలన్నాడు. వాళ్ళ మాట తప్పు కాదు. అయినా రోజూ పొద్దున దాన్ని ఒళ్ళో వేసుకుని, కళ్ళు మూసుకుని, ఒక్క చిక్కు తీస్తాను. చంక దగ్గరికి వచ్చేసరికి నా వేళ్ళు వాటంతట అవే ఆగిపోతాయి. అక్కడ ఈ పిల్లికి ఏ గాటూ లేదు. నా వాటా అక్కడుంది.