నాకని చెప్పి కుట్టిన బొంత

మా అవ్వ నోట అబద్ధం రాదని సిరిగేరిలో అందరూ అనేవాళ్లు. అది నిజమే. ఊళ్లో ఎవరికీ ఆమె అబద్ధం చెప్పలేదు. చెప్పింది నాకొక్కదానికే. అదీ ఒక ఎండాకాలమంతా, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా చేతనే సూదిలో దారం ఎక్కించుకుంటూ చెప్పింది. ఈ మాట రాస్తుంటే ఇప్పుడు కూడా నాకు ఒళ్లు మండుతోంది. ఆమె పోయి ఇన్నేళ్లయింది, ఇంకా ఏమిటమ్మా ఈ కోపం అని మా పిల్లలు నవ్వుతారు. పోయినవాళ్ల మీద కోపం ఉండకూడదని ఎవరు చెప్పారో నాకు తెలియదు.

అవ్వ అంటే మా అమ్మను కన్నతల్లి. నాకు ఆరో ఏడు నడుస్తుండగా మా అమ్మ రెండో కాన్పులో, కడుపులో బిడ్డతో సహా పోయింది. మా నాయనకు బళ్లారి బజారులో బియ్యం అంగడి ఉండేది. పొద్దస్తమానం అంగట్లో కూర్చునే మగవాడు ఆడపిల్లను ఎట్లా సాకుతాడని అవ్వ నన్ను సిరిగేరికి తెచ్చుకుంది. ఏడాది తిరక్కుండానే నాయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఎప్పుడైనా పండగకు బస్సు దిగి, బొరుగుల పొట్లం నా చేతిలో పెట్టి, మామతో ధరల సంగతి మాట్లాడి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయేవాడు. అందుకు నేనేమీ ఏడ్చింది లేదు. నాకు అవ్వ ఉంది కదా అనుకునేదాన్ని.

అవ్వ ఇంట్లో మనవళ్లకూ మనవరాళ్లకూ తలా ఒక బొంత ఉండేది. కన్నడం మాట్లాడే ఇరుగుపొరుగు దాన్ని కౌది అనేవాళ్లు. కాలువ నీళ్లు వచ్చి ఊరి చుట్టూ వరిమళ్లు అయ్యాక చలికాలంలో ఇంట్లో నేల కూడా చెమ్మగా ఉండేది, బొంత లేకుండా గడిచేది కాదు. కుట్టడంలో అవ్వకు ఒక పంతం ఉండేది. చుట్టూ ఏ గుడ్డైనా అతుకుతుంది. తాత పంచె, మామ చొక్కా, చిరిగిన లంగా, దిండు గలీబు, ఏదైనా సరే. నడిమి ముక్క మాత్రం ఆ బిడ్డ తల్లి చీరదే కావాలి. అదీ కొంగు కాదు, అంచు కాదు. కూర్చున్నప్పుడు ఒడి మీదికి వచ్చే భాగం. కొత్త చీర అసలు పనికిరాదు, ఏళ్ల తరబడి ఉతికి ఉతికి మెత్తబడిందే కావాలి.

"తల్లి ఒళ్లో పండుకున్నెట్ల ఉండల్ల బిడ్డకు" అనేది.

మా మామ పిల్లలు రాత్రి వరసగా పడుకుని ఎవరి బొంత వాళ్లు కప్పుకునేవాళ్లు. వాళ్ల అమ్మ నిక్షేపంగా బతికి ఉంది, పక్క గదిలోనే గురక పెడుతూ ఉంది. అయినా ఆ నడిమి ముక్క మీద చెంప ఆనిస్తే గాని వాళ్లకు నిద్ర పట్టదట! నేను తాత నాటి కంబళి కప్పుకునేదాన్ని. దాని బొచ్చు మెడకు గుచ్చుకునేది. నా బొంత ఏదీ అని ఎన్నిసార్లు అడిగినా అవ్వది ఒకటే జవాబు.

"మీ యమ్మ చీరలు పెట్టెలో ఉండాయి గదా. ఇంగ రవ్వంత పెద్దదానివి గానీ, కుడతా. నీది నీకే."

ఆ పెట్టెలోని చీరల్లో నాకు గుర్తున్నది ఒకటే. పచ్చిమిరపకాయ రంగు ఇల్కల్ చీర, దానికి ఎర్ర కొంగు. మా అమ్మ ముఖం నాకు సరిగా గుర్తులేదు. ఫోటో కూడా లేదు. ఆ చీరకు ఒడి దగ్గర ఒక పసుపు మరక ఉండేది. చిన్నప్పుడు ఆమె ఒళ్లో కూర్చుని పసుపు గిన్నె ఒలకబోశానట, ఎంత ఉతికినా మరక పోలేదట. నాకు అమ్మ అంటే ఆ మరకే. అవ్వ ఎండలో చీరలు ఆరేసినప్పుడల్లా వెళ్లి దాన్ని చూసి వచ్చేదాన్ని. అది నా బొంత నడుమకు వస్తుంది, నేను కూడా దాని మీద చెంప పెట్టుకుని పడుకుంటాను అన్న ఒక్క ఆశతోనే ఆ ఇంట్లో ఎవరితోనూ పోట్లాడకుండా ఉన్నాను. పోట్లాడకుండా ఉండడం నాకు మాటలు కాదు.

నాకు తొమ్మిదేళ్లు వచ్చిన ఎండాకాలం నాయన పండగా పబ్బమూ లేకుండా వచ్చాడు. అంతకు ముందే బళ్లారిలో చిన్నమ్మకు, అంటే నాయన రెండో భార్యకు, పుట్టిన మొదటి పిల్లాడు పురిటిలోనే పోయాడని మాకు కబురు అందింది. ఇప్పుడామెకు మళ్లీ నెలలు నిండుతున్నాయి. నాయనా అవ్వా పెరటి వసారాలో గొంతు తగ్గించి చాలాసేపు మాట్లాడుకున్నారు. నన్ను బెల్లం తెమ్మని బయటికి పంపారు. నేను తిరిగొచ్చేసరికి అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. వెళ్తూ వెళ్తూ నాయన నా తల నిమిరాడు. ఆయన తల నిమిరే రకం కాదు.

మరునాడు అవ్వ పెట్టె తెరిచింది. ఇల్కల్ చీర తీసి నట్టింట్లో పరిచింది. నేను పరుగున వెళ్లి దాని పక్కన కూర్చున్నాను.

"నా బొంతేనా అవ్వా?" అన్నాను.

ఆమె కత్తెర వెతుక్కుంటూ, నా వైపు చూడకుండా, "నీదేలే" అంది.

అవ్వ కళ్లకు అప్పటికే మసక. సూదిలో దారం నేనే ఎక్కించి ఇవ్వాలి. పొద్దున వాకిలి ఊడ్చిన దగ్గర్నుంచి చీకటి పడేదాకా ఆమె పక్కనుంచి నేను కదల్లేదు. ఆడుకుందాం రమ్మని పిల్లలు వాకిట్లో నిలబడి కేకలు వేసేవాళ్లు. నాకు పని ఉంది పొండి అని పెద్దదానిలా కసురుకునేదాన్ని. ఎర్ర ముక్క పక్కన తెల్ల ముక్క, దాని పక్కన చుక్కల ముక్క అని వరస కూడా నేనే పెట్టాను. నా పాత లంగా చింపి ఇచ్చాను. అవ్వ అంచు నుంచి మొదలుపెట్టి చిన్న చిన్న కుట్లతో చుట్టూ తిరుగుతూ నడుమకు వచ్చేది. ఎదురింటి గౌడర ఇల్లాలు చూడవచ్చి, ఎవరికవ్వా ఈ కౌది అని కన్నడంలో అడిగింది. మా బిడ్డకు అని అవ్వ కన్నడంలోనే జవాబిచ్చింది. నేను వెంటనే నిటారుగా కూర్చున్నాను. చూసి పోనీ, నాకే అని తెలుసుకుని పోనీ అని.

ఒకరోజు అవ్వ లేచి వెళ్లినప్పుడు నేను దాని మీద పడుకుని చూశాను. మోకాళ్ల కింద నుంచి కాళ్లు నేల మీదే ఉన్నాయి.

"అవ్వా, ఇది నాకు సాల్లేదే!"

"ఇంగా సుట్టూ ఎయ్యల్ల గదా. సుమ్నె ఉండు" అంది.

నేను సుమ్నె, నోరు మూసుకుని, ఉన్నాను. అవ్వ చెప్పిందంటే అంతే.

కొన్నాళ్లకు చిన్నమ్మకు ఆడపిల్ల పుట్టిందని, ఫలానా రోజు తొట్లో వేసి పేరు పెడుతున్నామని కబురు వచ్చింది. అవ్వ ప్రయాణం కట్టింది. బొంతను కూడా మూట కట్టింది. ఇది ఎందుకని అడిగితే, బళ్లారిలో మంచి అంచుగుడ్డ దొరుకుతుంది, చూసి కొందాం అంది. ఆ మూటను దారి పొడుగునా ఒళ్లోనే పెట్టుకున్నాను. బస్సులో ఎవరో ముసలాయన దాని మీద మోచెయ్యి ఆనిస్తే, తీయమని మొహం మీదే చెప్పాను.

నాయన ఇల్లు అంగడి వెనకే. ఇంటినిండా ఆడవాళ్లు. చిన్నమ్మ మంచం మీద బిడ్డను ఒడిలో దాచుకున్నట్టు కూర్చుని ఉంది. నన్ను చూడగానే చూపు తిప్పుకుంది. ఆమె తల్లి ఎమ్మిగనూరావిడ పెద్ద మనిషి, గట్టి గొంతు, ఆ రోజు పెత్తనమంతా ఆమెదే. నన్ను దగ్గరికి పిలిచి బెల్లంముక్క పెట్టింది. నేను బెల్లం చప్పరిస్తుండగా అవ్వ నా ఒళ్లోంచి మూట తీసుకుంది. విప్పింది. బొంతను తొట్లో పరిచి ముడతలు సరిచేసింది. చిన్నమ్మ చేతిలోంచి బిడ్డను అందుకుని, ఆ పసుపు మరక మీద, సరిగ్గా దాని మీద, పడుకోబెట్టింది. బొంత ఆ బిడ్డకు కొలిచి కుట్టినట్టు ఉంది. కొలిచే కుట్టింది మరి.

"ఇంగ భయం లేదు" అంది ఎమ్మిగనూరావిడ అందరికీ వినబడేలా. "పోయినామెను కన్నతల్లే తన చేత్తో కుట్టి తెచ్చింది. బిడ్డను ఆయమ్మ ఒళ్లోనే ఏసినాం. ఒళ్లో బిడ్డను ఎవురైనా సంపుకుంటారా? ఇంగ దీని జోలికి రాదు."

అప్పుడు నాకంతా అర్థమైంది. కాన్పులో పోయిన మొదటి భార్య రెండో భార్య బిడ్డల్ని బతకనివ్వదని వాళ్ల నమ్మకం. పురిటిలో పోయిన ఆ పిల్లాణ్ణి పొట్టన పెట్టుకున్నది మా అమ్మేనట. ఈ పాపను వదిలిపెట్టాలంటే ఆమె కట్టిన చీరను, ఆమె తల్లి చేతనే, బొంతగా కుట్టించి వేయాలి. నాయన ఆ రోజు సిరిగేరికి వచ్చి అడిగింది అది. అవ్వ ఒప్పుకున్నది అది. బొంత పోయినందుకు నాకు ఏడుపు వచ్చింది. కాని తన కూతురు పసిపిల్లల్ని చంపుతుందని అవ్వ కూడా నమ్మిందే, అందుకు నాకు కడుపు మండిపోయింది.

నేను వెళ్లి బొంత అంచు పట్టి లాగాను.

"ఇది నాది! నాకని కుట్టింది! నేను దారం ఎక్కిచ్చినా!"

తొట్టి ఊగింది, బిడ్డ కెవ్వుమంది, చిన్నమ్మ అంతకంటే పెద్దగా అరిచి బిడ్డను లాక్కుంది. ఎవరో నన్ను పట్టుకున్నారు. గింజుకుంటే నా జడ ఊడిపోయింది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. అప్పుడు ఎమ్మిగనూరావిడ నా ముందుకు వచ్చి, రెండు చేతులూ జోడించి అడిగింది.

"ఎవురమ్మా నువ్వు? ఏం గావల్ల నీకు?"

నాకు అర్థం కాలేదు. ఇంతకుముందే నాకు బెల్లం పెట్టిన మనిషి నన్ను ఎవరని అడగడం ఏమిటి? ఆడవాళ్లు గోడ దగ్గరికి జరిగారు. గుమ్మం దగ్గర నాయన కూడా చేతులు జోడించాడు. అడుగుతున్నది నన్ను కాదని అప్పుడు తెలిసింది.

అవ్వ వైపు చూశాను. ఇది మా మనవరాలు, దీనికి నేను అబద్ధం చెప్పాను, అందుకే కోపం వచ్చింది అని ఒక్క మాట అంటే చాలు. అవ్వ వచ్చింది. వచ్చి నా ముందు కూలబడి నా కాళ్లు పట్టుకుంది.

"బిడ్డా, నేనే తల్లీ, మీ యమ్మను. ఈ పాప గూడా నీ పాపే అనుకో. దీన్నేమీ సేయాకు. నీకు దండం పెడతా."

ఆమె నా ముఖంలోకి చూస్తోంది. ఆ కళ్లలో భయం ఉంది. భయం వెనక ఆశ కూడా ఉంది, కూతురు నిజంగానే వచ్చిందేమో, ఒక్కసారి మాట్లాడుతుందేమో అని. ఆ కళ్లు నా కోసం వెతకడం లేదు.

నేను ఒక్క మాట అంటే సరిపోయేది. అవును, నేనే వచ్చాను, ఆ బొంత నా కూతురికి ఇవ్వండి అంటే, మడతపెట్టి, పసుపు కుంకుమతో సహా నా చేతిలో పెట్టి ఉండేవాళ్లు. తొమ్మిదేళ్లదాన్ని, అయినా ఆ సంగతి నాకు స్పష్టంగా తెలిసింది. కాని అట్లా అంటే, పిల్లాణ్ణి చంపింది మా అమ్మే అని నేను కూడా ఒప్పుకున్నట్టే.

"మా యమ్మ రాలేదు" అన్నాను. "మా యమ్మకు ఎవురి మీదా కోపం లేదు. కోపం నాకు. నాకు సెప్పకుండా ఇచ్చేసినారు, నాకు కోపం."

"కోపం లేదంట!" అంది ఎమ్మిగనూరావిడ. "ఇన్నారా? ఎవురి మీదా కోపం లేదంట! తన నోటితోనే అనింది!"

ఎవరో కర్పూరం వెలిగించారు. నా నుదుటి నిండా కుంకుమ పెట్టారు. చిన్నమ్మ ఏడుస్తూ వచ్చి నా కాళ్లకు మొక్కింది. నాయన కళ్లు తుడుచుకున్నాడు. బిడ్డను మళ్లీ అదే బొంత మీద వేసి, పాటలు పాడి, పేరు పెట్టారు. తర్వాత అందరూ ఓళిగలు, అంటే బొబ్బట్లు, తిన్నారు. నా విస్తట్లో అందరికంటే ఎక్కువ నెయ్యి పోశారు. నేను ముట్టలేదు. అదీ ఎవరూ పట్టించుకోలేదు.

ఆ పాప బతికింది. ఇప్పుడు దానికీ మనవలు ఉన్నారు. దాని మీద నాకు ఏనాడూ కోపం లేదు, అది తొట్లో పడుకోవడం తప్ప ఏం చేసింది?

సాయంత్రం బస్సులో అవ్వ కిటికీ పక్కన కూర్చుంది. ఏళ్ల తర్వాత ఆమె ముఖం అంత తేటగా ఉండడం అప్పుడే చూశాను. నా చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడు నాకు చెబుతుంది అనుకున్నాను. చాలా దూరం పోయాక, పక్కవాళ్లకు వినబడకుండా నా చెవి దగ్గరికి వంగి అడిగింది.

"మీ యమ్మ ఇంగేమన్నా సెప్పిందా బిడ్డా?"

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నన్ను ఏమైనా అడుగుతుందేమోనని సిరిగేరి వచ్చేదాకా ఎదురుచూశాను. అడగలేదు.